డిగ్రీలో సొంత ప్రశ్నతో చదవడం ఎలా? గోదావరి డెల్టా విద్యార్థులకు

అమలాపురంలోనో, భీమవరంలోనో, నరసాపురంలోనో, రామచంద్రపురంలోనో డిగ్రీ చదువుతున్న విద్యార్థికి సిలబస్సు విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది, టైంటేబులు కళాశాల నుంచి వస్తుంది, పరీక్ష తేదీలు పైనుంచి వస్తాయి. ఇందులో తాను నిర్ణయించుకోవలసినది ఏమీ లేదని ఆ విద్యార్థి అనుకోవడం సహజమే. కాని మైనరు సబ్జెక్టు, ఎలక్టివులు, స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక) కోర్సులు, వేసవిలో చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, కోరుకున్నవారికి నాలుగో ఏడాది పరిశోధన, ఇవన్నీ ఏదో ఒక మేరకు విద్యార్థి ఎంపికకు వదిలిన చోట్లు. చాలామంది ఈ చోట్లను దేనికది విడిగా, గడువు మీద పడినప్పుడు, స్నేహితులు ఏది తీసుకుంటే అదే తీసుకొని నింపేస్తారు. ప్రాజెక్టు పరిశుభ్రత మీద, ఇంటర్న్‌షిప్ ఏదో ఒక ఆన్‌లైన్ సంస్థలో, స్వయం కోర్సు మరెక్కడో సంబంధం లేని విషయం మీద అయిపోతాయి. చదువు ముగిసేసరికి చేతిలో సర్టిఫికెట్లు ఉంటాయి గాని, ఫలానా సంగతిని నేను లోతుగా చదివాను అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ ఖాళీ చోట్లన్నిటినీ మీదైన ఒక్క ప్రశ్న చుట్టూ అల్లుకోవచ్చుననీ, ఆ అల్లికను కాగితం మీద పెట్టి, దానిని పదిహేను రోజులకొకసారి చదివే గైడ్ ఒకరిని సంపాదించుకుంటే మన కళాశాలల్లోనే సొంత చదువు సాధ్యమనీ నా నమ్మకం. డెల్టాలోని డిగ్రీ కళాశాలల్లో చాలా ఏళ్లుగా రసాయనశాస్త్రం చెబుతూ, విద్యార్థుల ప్రాజెక్టులకు గైడుగా ఉంటూ నేను చూసినదాన్ని బట్టి ఇది రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో 1971లో తరగతులు మొదలుపెట్టిన ఎవర్‌గ్రీన్ స్టేట్ కళాశాలలో విద్యార్థి, అధ్యాపకుడు కలిసి ఒక ఒప్పందపత్రం రాసుకుంటారు. ఏం చదవాలి, ఏం చేయాలి, చివర ఏం చూపాలి, దానిని ఎలా అంచనా వేయాలి, ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలి అన్నవి అందులో ఉంటాయి. మన అనుబంధ కళాశాలల్లో అంత స్వేచ్ఛ లేదు. అయినా ఆ ఒప్పందపత్రాన్ని మాత్రం అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ముందుగా, ఏది కదలదో తెలుసుకోండి

మొదటి పని ప్రశ్న వెతుక్కోవడం కాదు, మీ బ్యాచి నిబంధనలను చదవడం. సీనియర్లు చెప్పినది నమ్మి పొరపాటు పడినవారిని ఏటా చూస్తున్నాను. సీనియర్లు అబద్ధం చెప్పరు, కాని వారి నిబంధనలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విధానం 2020-21లో ఒకసారి, 2023-24లో మరొకసారి మారింది. కాబట్టి మీరు చేరిన ఏడాదికి వర్తించే పత్రాన్ని విశ్వవిద్యాలయం వెబ్‌సైటు నుంచి గాని, మీ విభాగాధిపతి దగ్గర గాని తీసుకొని, పెన్సిలు పట్టుకొని చదవండి. ఈ ప్రాంతపు కళాశాలల్లో ఎక్కువ భాగం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు సొంత పాఠ్యప్రణాళిక రూపొందించుకుంటాయి గనుక, పక్క ఊరి కళాశాలలో చెల్లినది మీ దగ్గర చెల్లకపోవచ్చు.

చదివేటప్పుడు మీరు ఎంపిక చేసుకోగల చోట్ల కింద గీత గీయండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివే వీలును విశ్వవిద్యాలయాలు కల్పించవచ్చు. అయితే మీ విశ్వవిద్యాలయం ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు అంగీకరిస్తుందో ముందే తెలుసుకొని, రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకున్నాకనే పేరు నమోదు చేసుకోండి. కోర్సు పూర్తిచేసి, పరీక్ష రాసి, మార్కులు కూడా తెచ్చుకున్న తరువాత ఆ క్రెడిట్లు లెక్కలోకి రావని తెలిసిన పిల్లల ముఖాలు నాకు గుర్తున్నాయి. నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్సు చేయాలనుకునేవారు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకోవాలని యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం చెబుతుంది. ఆ కోరిక ఉంటే మొదటి ఏడాదిలోనే ఆ అంకెను దృష్టిలో పెట్టుకోవాలి.

తరువాత గంటల లెక్క. జాతీయ క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్ అంటే దాదాపు 30 గంటల పని, ఏడాదికి 40 క్రెడిట్లు అంటే 1200 గంటలు. ఇందులో తరగతి, ప్రయోగశాల, ఇంటి చదువు అన్నీ కలిసి ఉంటాయి. అంటే మూడు క్రెడిట్ల చోటు మీకు దొరికితే 90 గంటలు మీవన్నమాట. ఆ 90 గంటలు వారంలో ఎక్కడ దొరుకుతాయో చూసుకోవడానికి ఒక వారం పాటు మీ రోజును ఉన్నదున్నట్లు రాసిపెట్టండి. సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి వశిష్ఠ పాయ దాటి నరసాపురం వచ్చే విద్యార్థికి పంటు కోసం ఎదురుచూసే సమయం కూడా రోజులో భాగమే. ఆ సమయంలో చదవడం కుదురుతుందా, లేక నిలబడి కబుర్లు చెప్పుకోవడమే కుదురుతుందా అన్నది నిజాయతీగా రాయాలి. సాయంత్రం పశువుల పనో, చెల్లెలి ట్యూషనో, కొట్టులో కూర్చోవడమో ఉంటే అదీ రాయాలి. లేని గంటల మీద వేసిన ప్రణాళిక మూడో వారానికే ఆగిపోతుంది.

ఇష్టాన్ని ప్రశ్నగా మార్చడం

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకోవలసిన పని ఇదే. ఇక్కడ ఒక నెల గడిచినా నష్టం లేదు. విద్యార్థులు సాధారణంగా ఒక ఇష్టంతో వస్తారు, ప్రశ్నతో రారు. కొన్నేళ్ల కిందట రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి నిలబడింది.

"సార్, నాకు పర్యావరణం అంటే ఆసక్తి అండి. దాని మీద ఏదైనా చేయాలని ఉందండి."

"బాగుందమ్మా. అందులో నువ్వు నీ కళ్లతో చూసినది ఏమిటి?"

ఆ అమ్మాయి కొంచెంసేపు ఆలోచించింది. "మా పొలం కాలువ శివారులో ఉందండి. దాళ్వాకి (రబీ పంటకి) నీరు సరిగా అందదు. అందినా ఒక్కోసారి ఉప్పగా ఉంటుంది. మా నాన్నగారు బోదె (పిల్ల కాలువ) నీళ్లు వేలితో తీసి నాలుక మీద వేసుకొని చూసి, అప్పుడు చేలోకి పెట్టాలో వద్దో చెబుతారండి."

ఆ రైతు నాలుక మీద వేసుకొన్న నీటిచుక్కలో మూడేళ్ల చదువు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన నీరు గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే వంతెన) మీదుగా వైనతేయ పాయను దాటి ఆ ఊరి దాకా రావాలి. దారిలో ఎంత వాడకమో, లాకుల (కాలువ గేట్ల) దగ్గర ఎంత వదులుతారో, శివారుకు వచ్చేసరికి ఎంత మిగులుతుందో చూడాలి. మరోవైపు సముద్రం పోటెక్కినప్పుడు మురుగు కాలువల గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. భూమిలో ఉప్పు పేరుకొంటే మొక్క వేరు నీటిని తీసుకోలేదు. ఇందులో రసాయనశాస్త్రం ఉంది, నీటిపారుదల ఉంది, వృక్షశాస్త్రం ఉంది, ఏ రైతుకు ముందు నీరు అందుతుంది అన్న సామాజికశాస్త్రమూ ఉంది. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్న డెల్టాలో ఇది ఒక్క కుటుంబపు కష్టం కాదు. కోనసీమ రైతులు 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు ముంపు, మురుగు సమస్యలు కూడా చర్చకు వచ్చాయి.

మూడు వారాల్లో నాలుగుసార్లు రాసి కొట్టేసిన తరువాత ఆ అమ్మాయి ప్రశ్న ఇలా తేలింది: "మా బోదెలోకి వచ్చే నీరు దాళ్వా కాలంలో ఏ వారం నుంచి ఉప్పెక్కుతుంది? ఆ ఉప్పు కాలువ నీటితోనే వస్తోందా, మురుగు కాలువ నుంచి పోటుకు ఎగదన్నుతోందా?" మొదట చెప్పిన "పర్యావరణం" ఎక్కడ, ఇది ఎక్కడ!

మీ ప్రశ్న నిలబడుతుందో లేదో చూసుకోవడానికి, దానికి మీరు ఊహించిన జవాబు కాక వేరే జవాబు వచ్చే అవకాశం ఉందా అని అడగండి. జవాబు ముందే తెలిసి ఉంటే అది ప్రశ్న కాదు, ఉపన్యాసం. అలాగే మీ దగ్గరున్న డబ్బుతో, సైకిలు మీద వెళ్లగలిగినంత దూరంలో ఆ పని మొదలుపెట్టగలరా అని చూడండి. మీరు కాక ఈ జవాబు కోసం ఎదురుచూసేవారు మరొకరైనా ఉన్నారా అని కూడా చూసుకోవాలి. ఆ అమ్మాయి విషయంలో ఆమె తండ్రే ఎదురుచూశాడు.

సైన్సు విద్యార్థులకే ఇది కుదురుతుందనుకోకండి. నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక చేసే ఇంట్లో పెరిగిన బీకాం విద్యార్థిని, ఒక టేబులు గుడ్డ ధరలో అల్లిన మనిషికి ఎంత చేరుతోంది, నూలుకు ఎంత, మధ్యవర్తికి ఎంత అని తన వీధిలోనే లెక్క తీయవచ్చు. చరిత్ర చదివే విద్యార్థి తన ఊరి లాకు ఎప్పుడు కట్టారో, దాని చుట్టూ పడవల రాకపోకలు ఎప్పుడు తగ్గిపోయాయో వెతకవచ్చు. 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరుతో మొదలుపెట్టి, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలోనూ, ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలోనూ కొన్ని రోజులు గడపవచ్చు. తెలుగు విద్యార్థికైతే పంటు నడిపేవారి, లంక రైతుల, చేపల చెరువుల కూలీల వృత్తిపదాలు ఇంకా పూర్తిగా ఎవరూ సేకరించని ధనం.

గైడ్‌ను ఎంచుకోవడం

కళాశాలలో మీకు ఒక మెంటర్‌ను ఇచ్చి ఉంటారు. హాజరు, మార్కులు, ఇంటి సంగతులు చూసే బాధ్యత ఆయనది. గైడ్ వేరు. మీ ప్రశ్నను పట్టించుకొని, మీరు రాసినది చదివి, తప్పు ఎక్కడో చెప్పే మనిషి గైడ్. ఇద్దరూ ఒకరే కావచ్చు, కానక్కరలేదు.

విభాగంలో అందరికంటే పేరున్నవారి దగ్గరకే వెళ్లాలని లేదు. మీరు ఇచ్చిన రికార్డు పుస్తకంలో ఎర్ర సిరాతో ఏదో ఒక వాక్యం రాసి తిరిగి ఇచ్చేవారు ఎవరో గుర్తుతెచ్చుకోండి, వారి దగ్గరకు వెళ్లండి. సంతకం మాత్రమే పెట్టి ఇచ్చేవారు మంచివారే కావచ్చు గాని, ఈ పనికి సరిపోరు. అవసరమైతే వేరే విభాగం వారిని కూడా అడగవచ్చు. అప్పుడు మీ విభాగాధిపతికి ముందుగా చెప్పడం మర్యాద, పైగా తరువాత వచ్చే చిక్కులు తప్పుతాయి.

వట్టి చేతులతో వెళ్లకండి. ఒక పేజీలో ప్రశ్న, అది మీకు ఎందుకు పట్టింది, ఇంతవరకు ఏం చదివారు, వారి నుంచి ఏం కోరుతున్నారు అని రాసుకొని వెళ్లండి. "ఏదైనా టాపిక్ ఇవ్వండి సార్" అని వచ్చిన విద్యార్థికి గైడ్ తన దగ్గరున్న పాత టాపిక్ ఒకటి ఇస్తాడు. అది ఆయన ప్రశ్న అవుతుంది, మీది కాదు, మీకు మధ్యలో ఓపిక పోతుంది. ఒక పేజీ తెచ్చిన విద్యార్థితో ఆయన మాట్లాడే తీరే మారిపోతుంది.

కళాశాల బయట మరో మనిషి తోడు ఉంటే చాలా మేలు. మన డెల్టా ఈ విషయంలో అదృష్టవంతమైన ప్రాంతం. వరి గురించి అయితే స్వర్ణ రకాన్ని దేశానికిచ్చిన మారుటేరు పరిశోధనా స్థానం ఉంది, కొబ్బరి గురించి అయితే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, తోటల గురించి అయితే తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. శాస్త్రవేత్తలను కలవడానికి ప్రిన్సిపాల్ గారి ద్వారా లేఖ పంపి, రెండో మూడో స్పష్టమైన ప్రశ్నలతో వెళ్లండి. నీటి గురించి అయితే మీ లాకు దగ్గర ఉండే లస్కరు కూడా మీకు గురువే. గేటు ఏ రోజు ఎంత ఎత్తారో ఆయనకు తెలిసినంతగా పుస్తకాలకు తెలియదు.

గైడ్ అవసరం ఎంతటిదో నాకు అనుభవంలో తెలిసింది. పీజీ చదివే రోజుల్లో నేను కూడా ఇటువంటి నీటి నమూనాలే సేకరించాను. మా గైడుగా వేసినవారికి తీరిక లేదు, నేను కూడా వెంటపడి చూపించలేదు. రెండు వేసవులు ఎండలో తిరిగి, సీసాల మీద ఊరు, తేదీ శ్రద్ధగా రాసి, అంకెలన్నీ పట్టికలో పెట్టుకున్నాను. ఒకే చోట, రెండు మూడు రోజుల తేడాతో పట్టిన నీటిలో ఉప్పు ఒకసారి చాలా ఎక్కువ, ఒకసారి చాలా తక్కువ కనిపించింది. కారణం తోచలేదు. చివరికి ఆ పట్టికను వేరే కళాశాలలోని ఒక పెద్ద మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకొని ఒక్క మాటే అడిగారు: "ఈ నీరు పట్టినప్పుడు పోటా, పాటా?" ఏ గంటకు పట్టానో నేను రాసుకోలేదు. సముద్రం పోటు మీద ఉందో, పాటు మీద ఉందో తెలియకుండా పట్టిన ఆ నమూనాలన్నీ దేనికీ కొరగాకుండా పోయాయి. ఆ ప్రశ్న మొదటి నెలలో ఎవరైనా అడిగి ఉంటే రెండు వేసవులు దక్కేవి. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి విద్యార్థి మొదటి పదిరోజుల పట్టికను తప్పకుండా చూస్తాను, పూర్తయ్యాక చూపిస్తామంటే ఒప్పుకోను.

ఒప్పందపత్రం

ఇది రెండు పేజీలకు మించకూడదు. ఆ అమ్మాయి పత్రంలో ఉన్నది సారాంశంగా చెబుతాను, దానిని బట్టి మీది మీరు రాసుకోవచ్చు.

పైన ప్రశ్న రాసి ఉంది. దాని కింద చదవవలసినవి: నేల రసాయనశాస్త్రం మీద లైబ్రరీలో ఉన్న ఒక పాఠ్యపుస్తకంలో లవణ నేలల అధ్యాయాలు, వరి సాగు మీద పరిశోధనా స్థానం రైతులకిచ్చే కరపత్రాలు, ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) ఎనిమిది వారాల కోర్సు ఒకటి. తరువాత చేయవలసినవి: లాకు దగ్గర, ఊరి మొదట, శివారు బోదెలో, మురుగు కాలువ మూతి దగ్గర, మొత్తం నాలుగు చోట్ల జనవరి నుంచి కాలువలు కట్టేసే దాకా ప్రతి శనివారం నీటి విద్యుద్వాహకత (నీటిలో ఉప్పు ఎంత ఉందో తెలిపే కొలత) కొలవడం. ప్రతి కొలత పక్కన గంట, పోటో పాటో, ఆ వారం లాకు గేటు స్థితి రాయడం. నెలకొకసారి చేలో మట్టి తీసి కళాశాల ప్రయోగశాలలో పరీక్షించడం. మట్టిని నీటితో తడిపి తీసిన ద్రవపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఆ నేలను లవణ నేల అంటారు గనుక, కొలతలను ఆ అంకెతో పోల్చి చూడడం. శివారు రైతులు పదిమందితో మాట్లాడి వారి మాటల్లోనే రాసుకోవడం.

ఆ తరువాత చివర ఏం చూపాలో ఉంది: తెలుగులో పన్నెండు పేజీల నివేదిక, ఒక పెద్ద పట్టిక, ఊళ్లో రైతుల ముందు ఇరవై నిమిషాల వివరణ. అంచనా ఎలా వేయాలన్నది మేమిద్దరం కలిసి రాసుకున్నాం. కొలతలు క్రమం తప్పకుండా ఉన్నాయా, తప్పిన వారాలు తప్పినట్లు రాసి ఉన్నాయా, ముగింపు కొలతల నుంచి వచ్చినదేనా, రైతులకు అర్థమైందా అన్నవే మా కొలబద్దలు. జవాబు ఏదైనా ఫరవాలేదు అన్న వాక్యాన్ని ఆమె చేతనే రాయించాను. అది లేకపోతే విద్యార్థి తెలియకుండానే అంకెలను తాను అనుకున్న వైపు తోస్తాడు. దిగువన ఆమె సంతకం, నా సంతకం, తేదీ. ఒక ప్రతి విభాగాధిపతి ఫైలులో.

విభాగాధిపతి దగ్గర ప్రతి ఉంచడం అనవసరమైన లాంఛనంగా తోచవచ్చు. ప్రభుత్వ కళాశాలల్లో అధ్యాపకులకు బదిలీలు వస్తుంటాయి. చదువు సగంలో ఉండగా గైడ్ వేరే జిల్లాకు వెళ్లిపోతే, కొత్తగా వచ్చినవారికి చూపడానికి సంతకాలున్న ఆ కాగితమే మీకు ఆధారం.

ఇందులో ఏది దేని కింద లెక్కకు వస్తుందో కూడా మార్జినులో రాసుకోండి. 2020-21లో వచ్చిన విధానంలో మొదటి ఏడాది చివరి వేసవిలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. రైతులతో మాట్లాడే పని దానికి అతికినట్లు సరిపోతుంది. మట్టి పరీక్షల మెళకువ ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకోవచ్చు, ఆన్‌లైన్ కోర్సు క్రెడిట్లకు పోతుంది. స్వయం ద్వారా వచ్చిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మీ పేరున చేరాలంటే ఆ ఖాతా ముందే తెరిచి ఉండాలి, అందులోని పేరు, పుట్టినతేదీ మీరు స్వయంలో నమోదు చేసుకున్నవాటితో సరిపోయేలా చూసుకోవాలి.

డెల్టా క్యాలెండరుతో సరిపెట్టుకోవడం

సెమిస్టరుకు ఒక క్యాలెండరు ఉంటే, మన ఊళ్లకు మరొకటి ఉంది. ఊరితో ముడిపడిన చదువుకు రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. సార్వా నాట్ల రోజుల్లో రైతు మీతో కూర్చొని మాట్లాడలేడు. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి వరద వస్తే లంక గ్రామాలకు దారులే ఉండవు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం, ఆ వెంటనే కోతలు, నూర్పిళ్లు ఉంటాయి. సంక్రాంతి ముందు వారం, తరువాత వారం ఇంటింటి సర్వే చేద్దామనుకున్న విద్యార్థులు అరిసెలు తిని, ఫారాలు ఖాళీగా తీసుకొని తిరిగి వచ్చారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అప్పుడు కొలవడానికి నీరే ఉండదు. దాళ్వా గురించి చదివేవారికి పని జరిగేది డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ వరకే, అందులోనే సెమిస్టరు పరీక్షలు కూడా వస్తాయి. అందుకని చదవడం, పరికరం సరిచూసుకోవడం, ప్రశ్నావళిని ఇద్దరు ముగ్గురి మీద ప్రయోగించి చూడడం వర్షాకాలంలోనే ముగించాలి.

ఎన్‌పీటీఈఎల్ కోర్సులు జనవరి, జూలై నెలల్లో మొదలవుతాయి. తుది మార్కుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 ఉంటాయి గనుక అసైన్‌మెంట్లను పోగుపడనివ్వకండి. క్షేత్రంలో పని ఎక్కువగా ఉండే జనవరిలో కాక జూలైలోనే కోర్సు తీసుకోమని దాళ్వా విద్యార్థులకు నేను చెబుతాను.

కలిసినప్పుడు ఏం చేయాలి

పదిహేను రోజులకొకసారి ఇరవై నిమిషాలు చాలు, కాని రోజు, గంట ముందే అనుకొని ఉండాలి. "ఖాళీ ఉన్నప్పుడు రామ్మా" అన్న మాటను పట్టుకొని కూర్చుంటే ఆ ఖాళీ ఎప్పటికీ రాదు. కలవడానికి రెండు రోజుల ముందు ఒక పేజీ ఇవ్వండి. గడిచిన పదిహేను రోజుల్లో చేసినది, ఆగిపోయిన చోటు, తరువాత చేయబోయేది, ఈ మూడూ అందులో ఉండాలి. ఆగిపోయిన చోటు గురించి రాయడానికి సిగ్గుపడకండి, గైడ్ నిజంగా ఉపయోగపడేది అక్కడే. ఏమీ చేయని పదిహేను రోజులుంటే ఆ మాటే రాసి, అయినా వెళ్లి కలవండి. ఒకసారి తప్పించుకున్న విద్యార్థి రెండోసారి మరింత తప్పించుకుంటాడు, అలా మంచి పనులు ఆగిపోవడం చూశాను.

మాట్లాడుతుండగానే నోటుపుస్తకంలో రాసుకోండి, లేచే ముందు "అయితే నేను ఇది, ఇది చేస్తానండి" అని చదివి వినిపించండి. గైడ్ చెప్పినదానికి మీకు వేరే అభిప్రాయం ఉంటే మర్యాదగా, కారణంతో చెప్పవచ్చు. మన దగ్గర మాస్టారి మాటకు ఎదురు చెప్పడం తప్పనుకొని తలూపి, బయటకు వచ్చి చేయకుండా వదిలేసేవారు ఎక్కువ. దానికంటే, "మీరు చెప్పినట్లు వారానికి రెండుసార్లు కొలవడం నాకు కుదరదండి, పంటు దిగేసరికి చీకటి పడుతోంది" అని చెప్పిన విద్యార్థే నాకు నచ్చుతుంది. ఆ మాట విన్నాకనే మేం శనివారాలకు మార్చుకున్నాం.

మధ్యలో ప్రశ్న మారవచ్చు. మారితే ఒప్పందపత్రంలో పాతదాన్ని చెరపకుండా దాని మీద అడ్డగీత గీసి, కొత్తది రాసి, తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ అమ్మాయి విషయంలో కొలతలు మొదలుపెట్టిన ఏడాది కాలువ నీరు బాగా వచ్చి, కాలువ మీది మూడు చోట్లలోనూ ఉప్పు చెప్పుకోదగినంత కనిపించలేదు. ఏడుపుముఖంతో వచ్చింది. కాని అదే ఏడాది మురుగు కాలువ మూతి దగ్గర పోటు సమయంలో అంకెలు మూడు రెట్లు పెరిగాయి, దాని పక్కనున్న చేలో మట్టి కూడా అదే చెప్పింది. అంటే ఆమె ప్రశ్నలోని రెండో భాగానికి జవాబు దొరికింది. ఆ మరుసటి ఏడాది కొలతలన్నీ మురుగు కాలువ వైపు మార్చుకుంది.

ఇంట్లో వారికి కూడా ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. "ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?" అని నాన్నగారు అడగడంలో తప్పులేదు. నేరుగా ఉద్యోగం ఇవ్వదనీ, పీజీ ప్రవేశ పరీక్షకో, పోటీ పరీక్షకో చదివే సమయాన్ని దీని కోసం తగ్గించుకోవడం లేదనీ, ఇంటర్వ్యూలో మాత్రం అడిగితే పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగల విషయం ఒకటి చేతిలో ఉంటుందనీ ఉన్నమాట చెప్పండి. గంటల లెక్క రాసిన కాగితం అప్పుడు చూపిస్తే మాటలకంటే బాగా పనిచేస్తుంది.

చివరి నివేదికను పరీక్షల తరువాతకు వాయిదా వేయకండి. ఫిబ్రవరి నుంచే నెలకు మూడు పేజీల చొప్పున రాసి గైడుకు ఇస్తూ వస్తే, కాలువలు కట్టేసే నాటికి రాయవలసినది ముగింపు ఒక్కటే మిగులుతుంది. నివేదికకు నాలుగు ప్రతులు తీయించండి. ఒకటి విభాగానికి, ఒకటి కళాశాల గ్రంథాలయానికి, ఒకటి మీకు. ఆ అమ్మాయి నాలుగో ప్రతిని లాకు దగ్గర లస్కరుకు ఇచ్చింది. గేటు ఎత్తిన తేదీలన్నీ చెప్పినది ఆయనే గనుక, మొదటి పేజీలో ఆయనకు కృతజ్ఞతలు ఉన్నాయి. ఆయన దానిని గేటు తాళాలు పెట్టుకొనే పెట్టెలో పెట్టుకున్నారు.